రాగిరేకుకు అందనిది రికార్డుకు అందింది

నాదాన్ని పరబ్రహ్మ స్వరూపంగా ఉపాసించిన సంప్రదాయం మనది. వేదాన్ని తాళపత్రానికి అప్పగించక, వేల ఏళ్ళపాటు గురుముఖతః విని, వల్లించి, శిష్యునికి వినిపించి కాపాడుకున్న జాతి మనది. మాటకు లిపి చాలు. స్వరానికి మాత్రం కంఠమే ఆధారం. ఆ కంఠం మూగవోయిన నాడు దానితోపాటు ఒక బాణీ, ఒక గమకం, ఒక భక్తిభావం మౌనంలో కలిసిపోతాయి. ఈ లోటును మొదటిసారిగా తీర్చిన సాధనం గ్రామఫోను రికార్డు. నేడు అటకల మీద, పాత పెట్టెలలో, పూజామందిరాల అలమరలలో దుమ్ము పట్టి ఉన్న ఆ నల్లని పళ్ళేలు ఎంతటి సంపదో, వాటిని ఎలా కాపాడుకోవాలో తెలుసుకోవడం భక్తులందరికీ అవసరం.

రాగిరేకులు చెప్పే పాఠం

పదకవితా పితామహుడు తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) శ్రీనివాసునికి అర్పించిన సంకీర్తనలు ముప్పది రెండు వేలని ప్రతీతి. ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుని కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల శ్రీవారి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. శతాబ్దాల తరువాత, ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఆ రేకులు తిరిగి పండితుల చేతికి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు, పన్నెండు వేలకు మించిన సంకీర్తనలు! కాలం, తేమ, మరపు, ఏదీ ఆ అక్షరాలను చెరపలేకపోయింది.

అయితే ఆ రేకులు ఒక సంగతిని మాత్రం మనకు చెప్పలేకపోయాయి. ప్రతి సంకీర్తనకు పైన రాగం పేరు చెక్కి ఉన్నది. ఆ రాగంలో అన్నమయ్య దానిని ఏ వరుసలో పాడుకున్నాడో లేదు. పల్లవి ఎక్కడ ఎత్తుకున్నాడో, చరణంలో ఏ మాట దగ్గర స్వరాన్ని నిలిపి స్వామిని పిలిచాడో ఏ రేకూ చెప్పదు. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలైన విద్వాంసులు ఆ సాహిత్యానికి మళ్ళీ స్వరాలు కూర్చవలసి వచ్చింది. నేడు మనం పాడుకుంటున్న అన్నమయ్య పాటలలో అత్యధిక భాగం బాణీలు ఇటీవలి మహనీయుల కృషి. సాహిత్యం ఆయనది, స్వరం మన కాలానిది.

రాగిరేకు మాటను మోసింది, స్వరాన్ని మోయలేకపోయింది. ఈ సంగతి మనసులో ఉంచుకొని చూస్తే ఒక పాత రికార్డు విలువ ఏమిటో సులభంగా బోధపడుతుంది.

లక్కతో చేసిన పళ్ళెం

1877లో అమెరికాలో ఎడిసన్ శబ్దాన్ని పట్టి తిరిగి వినిపించే యంత్రాన్ని కనిపెట్టాడు. అందులో ధ్వని గొట్టం వంటి దిమ్మె మీద నమోదయ్యేది. పదేళ్ళకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ గొట్టానికి బదులు చదునైన పళ్ళేన్ని వాడే పద్ధతి తెచ్చాడు. పళ్ళేనికి ఒక సౌలభ్యం ఉన్నది. ఒక్క లోహపు అచ్చు సిద్ధమైతే దానితో వేల ప్రతులు ఒత్తవచ్చు. ఆనాటి నుంచి పాట ఇంటింటికీ చేరడం సాధ్యమైంది.

ఆ తొలి రికార్డులను దేనితో చేశారని అడిగితే చాలామంది ప్లాస్టిక్ అంటారు. నిజానికి నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులకు మూలద్రవ్యం లక్క. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురును శుద్ధి చేసి, దానిలో రాతిపొడి, నల్లని మసి వంటివి కలిపి, వేడి మీద అచ్చులో ఒత్తేవారు. ఆ లక్కను ప్రపంచానికి అందించిన దేశాలలో భారతదేశానిదే అగ్రస్థానం. మన ఏటికొప్పాక బొమ్మలకు రంగు నిగ్గు తెచ్చే లక్కే దేశదేశాల పాటలను కూడా మోసింది. భారతకథలోని లక్క ఇల్లు గుర్తున్నవారికి దాని బలహీనత వేరుగా చెప్పనవసరం లేదు: వేడికి లక్క ఆగదు. పైగా రికార్డులో అది గాజు వలె పెళుసు. చేయి జారితే ముక్కలవుతుంది.

రికార్డు మీద మనకు వందలాది గీతలు కనిపిస్తాయి. వాస్తవానికి ఒక వైపున ఉన్నది ఒక్కటే గీత. అంచు వద్ద మొదలై, చుట్లు చుట్టుకుంటూ కేంద్రం దాకా సాగే ఒకే గాడి అది. గాయకుని కంఠం గాలిలో కలిగించిన కదలికలే ఆ గాడి గోడలలో ఒంపులై నిలిచాయి. ముల్లు ఆ దారి వెంట నడిచినప్పుడు ఆ ఒంపులు మళ్ళీ కదలికలవుతాయి, కదలికలు మళ్ళీ శబ్దమవుతాయి. మధ్యలో లిపి లేదు, సంకేతం లేదు. ఆ నాడు ఆ కంఠం కదిలిన తీరే అక్కడ ఉన్నది.

మూడు నిమిషాల కచేరి

మన దేశంలో వాణిజ్యపరమైన ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో ఆరంభమైంది. గ్రామఫోను కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ నాడు గౌహర్ జాన్ వంటి ప్రసిద్ధ గాయనుల పాటలు ముద్రించాడు. అప్పటికి మన దేశంలో రికార్డులు ఒత్తే కర్మాగారం లేదు. ముద్రణలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి, అక్కడ రికార్డులై తిరిగి వచ్చేవి. భాష తెలియని ఆ పనివారు పాటను పోల్చుకొనేందుకు గాయకులు పాట చివర తమ పేరు తామే చెప్పేవారు. ఆ కాలపు రికార్డులలో పాట ముగియగానే వినిపించే ఆ పలుకు వెనుక ఉన్న కారణం ఇది. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలిసిన తరువాత రికార్డుల వ్యాప్తి హెచ్చింది. దక్షిణాదిన మద్రాసు ఈ వ్యాపారానికి కేంద్రమై, తెలుగు పాటలు, పద్యాలు, నాటకాలు అక్కడి నుంచే మన ఊళ్ళకు చేరాయి.

1925 ప్రాంతం వరకు మైకు లేదు. గాయకుడు పెద్ద బూరా ముందు నిలిచి, శక్తికొద్దీ గొంతెత్తి పాడవలసి వచ్చేది. తంబురా వంటి మృదునాదాలు ఆ బూరాకు సరిగా అందేవి కావు. విద్యుత్తు సాయంతో ముద్రించే పద్ధతి వచ్చాకనే మంద్రస్వరం, మెత్తని గమకం రికార్డులో చోటు చేసుకున్నాయి.

పది అంగుళాల రికార్డులో ఒక వైపుకు దక్కేది ఇంచుమించు మూడు నిమిషాలు. అంటే దాదాపు 234 చుట్లు. అరగంట సాగే ఆలాపన, నెరవు, స్వరకల్పన ఈ మూడు నిమిషాలలో ఇమడవు. కాబట్టి విద్వాంసులు కృతిలోని సారాన్ని పిండి, ఒక్క సంగతి కూడా వృథా కాకుండా పాడారు. నాగస్వర చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్ళై తోడి రాగం రికార్డు ఇందుకు గొప్ప నిదర్శనం. ఆలయ వీథులలో, స్వామి ఊరేగింపు ముందు రాత్రంతా సాగే నాగస్వరం కొద్ది నిమిషాలలో తన వైభవాన్ని ఎలా చూపగలదో ఆ రికార్డు లోకానికి తెలిపింది. ఆ వాయిద్యంలోనే తెలుగునేల మీద, ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానాగారు తరువాతి తరంలో మేటి అయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో నాదసేవ చేశారు.

తెలుగువారి ఇళ్ళలో సంగీతంతోపాటు పద్యానికీ రికార్డు పెద్దపీట వేసింది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటి రంగస్థల గాయకుల పద్యాలు గ్రామఫోను ద్వారానే నాటకం చూడని ఊళ్ళకు సైతం చేరాయి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ ఖండకావ్యాలు ఘంటసాల వెంకటేశ్వరరావుగారి కంఠంలో రికార్డులై, అక్షరం రానివారి నోట కూడా పలికాయి.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. మూడు నిమిషాల రికార్డు ఆ విద్వాంసుని సమగ్ర విద్య కాదు. ఒక చరణమే పాడి ఉంటే కృతికి ఒక చరణమే ఉన్నదని భావించరాదు. రికార్డు ఒక గవాక్షం వంటిది. దాని గుండా కనిపించేది కొంత, ఊహించుకోవలసినది మరికొంత.

సుప్రభాతం ఇంటింటికి

1948లో అమెరికాలో వినైల్‌తో చేసిన ఎల్.పి. రికార్డు వెలువడింది. పన్నెండు అంగుళాల వెడల్పు, నిమిషానికి ముప్పది మూడున్నొక మూడవవంతు చుట్లు, సన్నని గాడి; ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా ధ్వని. లక్కకున్న పెళుసుదనం దీనికి లేదు, గరగర శబ్దమూ తక్కువ. మన భక్తి వాఙ్మయానికి ఈ మార్పు గొప్ప మేలు చేసింది. స్తోత్రాన్ని ముక్కలు చేయనవసరం లేకుండా ఆద్యంతం ఒకే ధారగా వినిపించే వీలు కలిగింది.

ఆ వీలుకు శిఖరప్రాయమైన ఉదాహరణ 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి కంఠంలో వెలువడిన శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం. పదిహేనవ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించిన ఈ స్తుతిలో సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అనే నాలుగు భాగాలున్నాయి. మూడు నిమిషాల రికార్డులలో దీనిని పొందుపరచాలంటే ఎన్నో పళ్ళేలు మార్చవలసి వచ్చేది. ధ్యానం మాటిమాటికీ తెగేది. ఎల్.పి.లో ఆ నాలుగు భాగాలు ఒక ప్రవాహమయ్యాయి. తిరుమలలో ధనుర్మాసం తప్ప నిత్యం బ్రహ్మముహూర్తంలో జరిగే సుప్రభాత సేవకు ఏ రికార్డూ సాటి రాదు, ప్రత్యామ్నాయమూ కాదు. కానీ కొండకు రాలేని కోట్లాదిమందికి తెల్లవారుజామున స్వామిని తలచుకొనే అలవాటును ఆ నల్లని పళ్ళెం నేర్పింది.

ఘంటసాలవారి భగవద్గీత మరొకటి. ఎంపిక చేసిన శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో ఆయన తమ జీవితపు చివరి దశలో ముద్రించారు. 1974 ఫిబ్రవరిలో ఆయన పరమపదించారు. గీత రికార్డు ఆ తరువాతనే ప్రజల చేతికి వచ్చింది. పాడినవారు లేరు, పాట వచ్చింది. రికార్డు అనే సాధనం ఎందుకు పుట్టిందో ఇంతకంటె సూటిగా చెప్పే ఉదాహరణ మరొకటి కనిపించదు.

1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో సుబ్బులక్ష్మిగారు పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ అయిదు ఎల్.పి.లుగా వెలువడింది. అందులో స్తోత్రాలతోపాటు అన్నమయ్య సంకీర్తనలకు ముఖ్యస్థానం దక్కింది. రాగిరేకులలో మౌనంగా పడి ఉన్న సాహిత్యం స్వరం పొంది, ఆ స్వరం గాడిలో నిలిచిన ఘట్టమిది. రేకు, రికార్డు రెండూ ఒకచోట కలుసుకున్నాయి. భద్రాచల రామదాసు కీర్తనలకు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి రికార్డులు చేసిన సేవ కూడా ఈ కోవలోనిదే.

లేబులు చదవడం

సేకరణ అంటే కేవలం పోగుచేయడం కాదు. చేతిలో ఉన్నదేమిటో ఎరిగి ఉండటం. ప్రతి రికార్డుకు నడుమ అంటించిన కాగితం మీద గాయకుని పేరు, పాట పేరు, తరచుగా రాగతాళాలు, కంపెనీ ఇచ్చిన వరుససంఖ్య ఉంటాయి. కాగితానికీ గాడి ముగిసే చోటుకూ మధ్యనున్న నునుపైన భాగంలో వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే మరొక సంఖ్య కనిపిస్తుంది. అది ఆ ముద్రణ జరిగినప్పటి గుర్తు. ఒకే పాటను ఒకే గాయకుడు రెండుసార్లు పాడి ఉంటే వాటిని వేరుచేసి చెప్పగలిగేది ఈ సంఖ్యే. లేబులు చిరిగిపోయినా ఇది మిగులుతుంది.

ఒక నోటుపుస్తకంలో ఈ వివరాలన్నీ రాసి పెట్టుకోవడం మంచిది. వాటితోపాటు ఆ రికార్డు ఇంటికి ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ పండుగకు, ఏ వ్రతానికి వేసేవారు అనే సంగతులు పెద్దవారిని అడిగి చేర్చాలి. లేబులు మీది వివరం మరొక ప్రతిలో దొరకవచ్చు. తాతగారి జ్ఞాపకం మరెక్కడా దొరకదు.

పూజామందిరంలో రికార్డులు

భక్తిభావంతో చాలామంది ఈ రికార్డులను దేవుని గదిలోనే ఉంచుతారు. ఆ గౌరవం ఉచితమే. స్థలం మాత్రం తగినది కాదు. అగరువత్తుల పొగ, కర్పూరహారతి మసి గాడులలో సన్నని పొరగా పేరుకొని ముల్లుకు అడ్డుపడతాయి. దసరాలలో ఆయుధపూజనాడు పసుపు కుంకుమలు పెట్టదలచినవారు ఆ బొట్టు పెట్టెకు పెట్టాలి, పళ్ళేనికి కాదు. కుంకుమ రేణువు మన కంటికి పొడి. గాడిలో మాత్రం అది బండరాయి.

అటక అంతకంటె ప్రమాదకరం. మన వేసవిలో రేకుల కప్పు కింద వేడికి వినైల్ వంగిపోతుంది. వంగినదానిని ఎండలో పెట్టి, బరువు వేసి సరిచేయబోవడం మరింత చేటు. చల్లగా, పొడిగా, గాలి ఆడే గదిలో, నేలకు కొంత ఎత్తున గల అలమర శ్రేష్ఠం. రికార్డులను ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చరాదు. గ్రంథాలయంలో పుస్తకాల వలె నిటారుగా, వాలిపోకుండా నిలపాలి. కోస్తా జిల్లాలలో తేమకు బూజు పడుతుంది కనుక వర్షాకాలం ముగిశాక ఒకసారి అన్నిటినీ తీసి చూడటం అవసరం.

పట్టుకొనేటప్పుడు వేళ్ళు అంచుకు, నడిమి కాగితానికి మాత్రమే తగలాలి. దుమ్మును మెత్తని కుంచెతో గాడి తిరిగిన దిశలోనే తుడవాలి, అడ్డంగా కాదు. మురికి పట్టి ఉంటే శుద్ధజలంలో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బునీరు కలిపి, లేబులు తడవకుండా తుడిచి, మళ్ళీ శుద్ధజలంతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త ఒకటి ఉన్నది: లక్క రికార్డుకు స్పిరిట్ ఎన్నడూ తగలనీయరాదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. శుభ్రం చేయబోయి పాటనే తుడిచివేసినట్లవుతుంది.

ముల్లు విషయంలోనూ విచక్షణ కావాలి. లక్క రికార్డు గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. ఎల్.పి.కి వాడే సన్నని ముల్లు 78 రికార్డు గాడి అడుగున దొర్లుతూ రొదను పెంచుతుంది. 78 ముల్లు ఎల్.పి. గాడిని గీరి పాడుచేస్తుంది. చేతితో కీ ఇచ్చే పాత గ్రామఫోనులో ఉక్కు ముల్లును ప్రతి వైపుకూ మార్చడం ఆనాటి నియమం. ఎల్.పి.ని ఆ యంత్రం మీద ఎన్నడూ వేయరాదు. దాని బరువుకు గాడి చెడిపోతుంది. వేగం సరిగా లేకపోతే శ్రుతి మారిపోతుంది. గాయకుని కంఠం మనకు తప్పుగా చేరుతుంది.

ప్రతి తీయడం, పంచడం

ఎంత జాగ్రత్తపడినా ముల్లు నడిచిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది. కాబట్టి అరుదైన రికార్డును పదేపదే వేయక, నిపుణుల చేత ఒకసారి చక్కగా కంప్యూటరులోకి ఎక్కించుకొని, ఆ ప్రతిని నిత్యం వినడం ఉచితం. దాచుకొనే ప్రతి ‘వేవ్’ రూపంలో, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్థాయిలో ఉంటే మేలు. గరగరను తొలగించే పని వేరొక ప్రతి మీద చేయాలి. ఉన్నదున్నట్లుగా తీసిన తొలి ప్రతిని ముట్టరాదు. రేపటి సాంకేతికత ఇంకా మెరుగైన పని చేయవచ్చు. లేబులుకు, అట్టకు ఫొటోలు తీసి దానితోనే ఉంచాలి. ఇంత చేశాక అసలు రికార్డును పారవేయవచ్చునని అనుకోరాదు. కంప్యూటరులోని ప్రతి ఒక్క క్షణంలో మాయమయ్యే అవకాశం ఉన్నది. గాడి అలా మాయం కాదు.

సొంతానికి వినడం వేరు, పదిమందికి పంచడం వేరు. మన దేశపు చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీది హక్కు అది వెలువడిన సంవత్సరం గడిచినప్పటి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. పాట రాసినవారి, స్వరపరచినవారి హక్కు వారి మరణానంతరం 60 ఏళ్ళ వరకు వేరుగా నిలుస్తుంది. స్వామి పాటే కదా అని ఇతరుల హక్కును విస్మరించడం ధర్మం కాదు.

మన ముందున్న కర్తవ్యం

కర్మాగారాలలోని లోహపు అచ్చులు అన్ని పాటలకూ మిగలలేదు. కొన్ని పాటలకు ఎవరి ఇంటనో నిలిచిన ఒకటి రెండు ప్రతులే ఆధారం. అది మీ ఇల్లు కావచ్చు. ఇల్లు మారేటప్పుడు, పెద్దలు గతించాక గదులు సర్దేటప్పుడు పాత సామానువారి బండిలో మొదట చేరేవి ఈ పళ్ళేలే. వేసేందుకు యంత్రం లేదు కాబట్టి ఇవి పనికిరావని మనం తీర్మానిస్తాము. తాళపత్రం చదవడం రాదని దానిని పొయ్యిలో వేసిన తరాన్ని మనం తప్పుపడుతున్నాము. రేపటి తరం మనలను అదే మాట అనకుండా చూసుకోవాలి.

ఉంచుకోలేనివారు పారవేయక, వివరాల పుస్తకంతో సహా సంగీత కళాశాలకో, గ్రంథాలయానికో, శ్రద్ధగల సేకర్తకో అప్పగించవచ్చు. ముంబైలో 1990 నుంచి భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఒకటి ఈ దిశగా పనిచేస్తున్నది. దానం అనగానే మనకు అన్నం, గోవు, భూమి, విద్య స్ఫురిస్తాయి. ఒక మహనీయుని కంఠాన్ని తరువాతి తరం చెవికి చేర్చడం విద్యాదానంలో భాగమే.

అన్నమయ్య కంఠం మనకు దక్కలేదు. త్యాగయ్య కంఠం దక్కలేదు. రామదాసు కంఠం దక్కలేదు. ఆ కాలంలో సాధనం లేదు కనుక అది ఎవరి దోషమూ కాదు. సాధనం ఉన్న కాలంలో పాడిన మహనీయుల కంఠాలు మాత్రం లక్క మీద, వినైల్ మీద మన ఇళ్ళలో ఉన్నాయి. వాటిని దుమ్ము దులిపి, పేరు రాసి, భద్రంగా నిలిపి ముందుతరానికి అందించే శ్రద్ధను ఆ నాదస్వరూపుడు మనకు ప్రసాదించుగాక!